చిన్న వంటిల్లు, చేతిలో కొద్ది డబ్బు



ఈ పూట మాట వంటింటి గురించి. పెద్ద మేడలో ఉండే వంటిల్లు కాదు. రెండు గదుల కాలనీ ఇంట్లో ఒక మూలకు ఉండే చిన్న వంటిల్లు. ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు. ఒక మనిషి కూర్చుంటే ఇంకో మనిషి దాటిపోవడానికి చోటుండదు. గోడలు మసిబారి ఉంటాయి. పట్టపగలు కూడా బల్బు వేసుకోవాలి.

ఇంటికి డబ్బు పెట్టేటప్పుడు వంటింటి వంతు ఆఖరున వస్తుంది. ముందు వీధి గోడకు రంగు వేస్తారు. వాకిట్లో అరుగుకు బండలు పరుస్తారు. అది పదిమంది చూసే చోటు కదా! వంటిల్లు ఎవరు చూస్తారు? రోజుకు నాలుగైదు గంటలు అందులో ఉండే మనిషి చూస్తుంది. ఆ మనిషిని ఎవరూ అడగరు.

ఎప్పుడో ఒకసారి వంటింటికీ కొంచెం డబ్బు కుదురుతుంది. చీటీ డబ్బు చేతికొస్తుంది. లేదా పొదుపు సంఘం నుంచి అప్పు వస్తుంది. ఆ డబ్బును ముందు దేనికి పెట్టాలి? తర్వాత దేనికి పెట్టాలి? డబ్బు ఎక్కువ ఉన్నవాళ్లకు ఈ వరుస అక్కర్లేదు. అన్నీ ఒకేసారి చేయించుకుంటారు. తక్కువ ఉన్నవాళ్లకే వరుస కావాలి. వరుస తప్పితే డబ్బు అయిపోతుంది, బాధ అట్లాగే ఉంటుంది.

ఒక ఇల్లు అనుకుందాం

మొగుడు మార్కెట్ యార్డులో హమాలీ. బస్తాలు మోస్తాడు. పెళ్లాం పొలం పనికి పోతుంది. ఇంట్లో అత్త ఉంది. బడికి పోయే పిల్లలు ఇద్దరు. వంటిల్లు ఆరుకు ఏడు. పైన సిమెంటు రేకులు. ఒక పక్క కట్టెల పొయ్యి, ఒక పక్క గ్యాసు స్టవ్వు. రెండూ నేల మీదే. కిటికీ ఉంది గానీ, దానికి అడ్డంగా బియ్యం డబ్బాలు పేర్చి ఉన్నాయి.

సంఘం నుంచి ఆమెకు 12,000 రూపాయలు అప్పు వచ్చింది. నెలనెలా కిస్తు కట్టాలి. ఆ డబ్బుతో వంటిల్లు బాగు చేయించాలని అందరూ ఒప్పుకున్నారు. ఎట్లా చేయించాలన్న దగ్గరే పేచీ వచ్చింది.

మొగుడు టౌన్లో తన అన్న ఇల్లు చూసి వచ్చాడు. అక్కడ వంటింట్లో గోడ నిండా టైల్సు. తళతళ మెరుస్తున్నాయి. "మనమూ అట్లాంటివే వేయిద్దాం" అన్నాడు. షాపులో అడిగితే, టైల్సుకూ వేసే కూలికీ కలిపి 9,000 అవుతుందన్నారు.

"టైల్సు వేస్తే పొగ పోతుందా?" అని అడిగింది ఆమె.

అతను ఏమీ మాట్లాడలేదు. గడప దగ్గర కూర్చున్న అత్త దగ్గుకుంటూ అంది. "పొగెక్కడికి పోతుంది? అంటుకోడానికి దానికి నున్నటి చోటు దొరుకుద్ది, అంతే!"

అందరూ నవ్వారు. కానీ ముసలమ్మ మాటలో నిజం ఉంది. ఆ ఇంట్లో ముగ్గురికి ముగ్గురూ వేరే బాధలు పడుతున్నారు. అత్తకు ఆయాసం. కోడలికి నడుం నొప్పి. గిన్నెలు కడిగిన నీళ్లు గోడ పక్కనే నిలిచి దోమలు. ఈ మూడింటిలో ఒక్కదానికీ టైల్సు మందు కాదు.

ముందు పొగ సంగతి

కట్టెల పొగ కంట్లో నీళ్లు తెప్పించి ఊరుకోదు. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఏళ్ల తరబడి పీల్చితే ఆయాసం పట్టుకుంటుంది. ఆ పొగ వల్ల కంటిలో శుక్లాలు కూడా త్వరగా వస్తాయి. పొయ్యి దగ్గర తల్లి ఒళ్లో కూర్చునే పసిపిల్లలకు నిమ్ము చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం, ఇళ్లలో వంట పొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారు. వాళ్లలో 2 లక్షల 37 వేల మందికి పైగా ఐదేళ్ల లోపు పిల్లలే.

ఇది తెలిసే 1980లలో ప్రభుత్వం పొగ రాని పొయ్యిలు వేయించింది. చాలా ఊళ్లలో వేశారు. మట్టి పొయ్యికి గొట్టం పెట్టి పొగను కప్పు మీదికి పంపేవాళ్లు. కొన్నాళ్లు బాగా పనిచేశాయి. తర్వాత గొట్టంలో మసి పేరుకుంది. దాన్ని తీయాలని చాలామందికి చెప్పినవాళ్లు లేరు. పొగ మళ్లీ ఇంట్లోకే వచ్చింది. జనం విసుగెత్తి గొట్టాలు పీకేశారు. పొయ్యిది తప్పు కాదు. వేసి వెళ్లినవాళ్లు మళ్లీ వచ్చి చూడలేదు. గొట్టం ఉన్న పొయ్యి ఇంకా ఎవరింట్లోనైనా ఉంటే, నెలకు ఒకసారి గొట్టం దులపాలి. పొడుగు కర్రకు గుడ్డ చుట్టి దులిపితే చాలు.

1999లో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, దీపం పథకం వచ్చింది. పొదుపు సంఘాల ఆడవాళ్లకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో దేశమంతటికీ ఉజ్వల పథకం వచ్చింది. ఇప్పుడు గ్యాసు లేని ఇల్లు తక్కువ. మరి కట్టెల పొయ్యి పోయిందా? పోలేదు. నెలాఖరుకు బండ అయిపోతుంది. కొత్త బండకు డబ్బు చేతిలో ఉండదు. స్నానాల నీళ్లకు గ్యాసు వాడితే ఖర్చు ఎక్కువ. కాబట్టి రెండు పొయ్యిలూ ఉంటాయి. ఆడవాళ్లకు తెలియక కట్టెలు వాడుతున్నారని కొందరు అంటారు. తెలియక కాదు, డబ్బు చాలక.

ఇందుకు ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. కట్టెల పొయ్యిని వంటింట్లో నుంచి బయటికి పంపడం. పెరట్లో చూరు కింద, గాలి ఆడే చోట పొయ్యి వేసుకోవాలి. నీళ్లు అక్కడ కాచుకోవచ్చు. పప్పు, మాంసం లాంటి ఆలస్యంగా ఉడికేవి అక్కడే ఉడకబెట్టుకోవచ్చు. కట్టెలు ఎండినవై ఉండాలి. పచ్చి కట్టె పొగ ఎక్కువ పెడుతుంది, వేడి తక్కువ ఇస్తుంది. వానాకాలానికి నాలుగు మోపులు ముందే చూరు కింద పేర్చుకుంటే సగం పొగ తగ్గినట్టే.

పెరడు లేని ఇల్లయితే? అప్పుడు గోడకే దారి చెయ్యాలి. పొగ ఎప్పుడూ పైకి పోతుంది. పైన దారి లేకపోతే అక్కడే తిరిగి కిందికి దిగుతుంది. కప్పు కిందనే, గోడ పైభాగాన అడుగు ఎత్తు, రెండడుగుల వెడల్పున ఇటుకలు తీయించాలి. దూలం ఆనిన చోట మాత్రం తీయకూడదు. ఎక్కడ తీయవచ్చో మేస్త్రీ చూసి చెప్తాడు. ఎలుకలు, పక్షులు రాకుండా ఇనుప జాలీ బిగించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొందరు పొగ పోవడానికి సిమెంటు రేకునే కోసి బొక్క పెడతారు. అది వద్దు. ఆ రేకుల్లో ఆస్బెస్టాస్ అనే నార ఉంటుంది. రేకు కోస్తే, రుద్దితే ఆ నార దుమ్ముగా లేస్తుంది. కంటికి కనబడదు. ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. ఎన్నో ఏళ్ల తర్వాత క్యాన్సర్ కూడా రావచ్చు. రేకు జోలికి పోకుండా గోడకే దారి చేసుకోవడం మంచిది.

గ్యాసు సంగతి ఇంకో రకం

పొగ పైకి పోతుంది. గ్యాసు కిందికి దిగుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు.

వంట గ్యాసు గాలి కంటే బరువు. కారితే నేల మీద నీళ్లలాగా పరుచుకుంటుంది. పై కిటికీ తెరిచి ఉన్నా అది పోదు. తలుపు తెరవాలి. అందుకే వంటింటి తలుపు కింద సందు ఉండాలి. గడప దగ్గర గుడ్డలు కుక్కి మూయకూడదు.

బండను నిలబెట్టే ఉంచాలి, పడుకోబెట్టకూడదు. బండ నేల మీద ఉండాలి. స్టవ్వు దాని కంటే ఎత్తున ఉండాలి. ఇప్పుడు చెప్పుకున్న ఇంట్లో స్టవ్వూ బండా రెండూ నేల మీదే ఉన్నాయి. అది ప్రమాదం. గట్టు కట్టించుకోవడానికి ఇదే మొదటి కారణం. నడుం నొప్పి రెండో కారణం.

బండను చెక్క పెట్టెలో పెట్టి తలుపు వేసేయడం ఈ మధ్య అలవాటయింది. చూడ్డానికి బాగుంటుంది. కానీ గ్యాసు కారితే పెట్టెలోనే నిండుతుంది. గట్టు కింద బండ పెట్టే గూడు ముందు వైపు తెరిచే ఉండాలి. కావాలంటే పాత చీర ముక్క తెరగా కట్టుకోవచ్చు. అది కూడా మంటకు దూరంగా, నేలకు జానెడు పైకి ఉండాలి.

రబ్బరు గొట్టం ఐదేళ్లకు ఒకసారి మార్చాలి. దాని మీద తారీఖు అచ్చు వేసి ఉంటుంది. చదువు వచ్చాక ఇంట్లో మొదట చదవాల్సిన అక్షరాల్లో అవి ఒకటి. గొట్టం పగుళ్లిచ్చినా, ఎలుక కొరికినా ఐదేళ్లు ఆగనక్కర్లేదు. వాసన వస్తే రెగ్యులేటర్ ఆపాలి, తలుపులు తెరవాలి. స్విచ్చి వేయకూడదు, వెలుగుతున్న బల్బు ఆపనూ కూడదు. బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోన్ చెయ్యాలి. గ్యాసు ప్రమాదాల కోసమే ఆ నంబరు పెట్టారు.

గట్టు ఎంత ఎత్తు ఉండాలి?

ఆ ఇంటికి మేస్త్రీ వచ్చాడు. టేపు తీసి కొలిచాడు. "మూడడుగుల ఎత్తు లేపుతానక్కా" అన్నాడు.

"మూడడుగులే ఎందుకన్నా?"

"అందరికీ మూడడుగులే కడతాం."

ఆమె ఐదడుగుల మనిషి కూడా కాదు. మూడడుగుల గట్టు మీద స్టవ్వు పెట్టి, దాని మీద గిన్నె పెడితే గిన్నె ఆమె ఛాతీ దాకా వస్తుంది. గరిటె తిప్పాలంటే భుజం ఎత్తాలి. గిన్నెలో ఏముందో చూడాలంటే మునివేళ్ల మీద లేవాలి. అన్నం వారుస్తుంటే గంజి మీద పడే భయం.

గట్టు ఎత్తు కొలవడానికి టేపు కంటే ముందు చెయ్యి కావాలి. వంట చేసే మనిషి నిటారుగా నిలబడాలి. మోచెయ్యి వంచాలి. నేల నుంచి మోచేతి దాకా కొలవాలి. అందులో నుంచి నాలుగైదు అంగుళాలు తీసెయ్యాలి. అదే కూరగాయలు తరిగే ఎత్తు. ఐదడుగుల మనిషికి ఇది 32 అంగుళాల దగ్గర వస్తుంది. స్టవ్వు పెట్టే చోట ఇంకో రెండు మూడు అంగుళాలు తగ్గినా మంచిదే. కానీ బండ కంటే ఎత్తులోనే ఉండాలి.

మేస్త్రీ మొదట ఒప్పుకోలేదు. "తర్వాత పొట్టిగా ఉందని నన్నే అంటారు" అన్నాడు. ఆమె నాలుగు ఇటుకలు తెచ్చి, బల్ల మీద పేర్చి, దాని మీద ఖాళీ గిన్నె పెట్టి గరిటె తిప్పి చూపించింది. ఇటుక తీసి మళ్లీ చూపించింది. మేస్త్రీ గోడ మీద బొగ్గుతో 31 దగ్గర గీత గీశాడు.

మరి అత్త సంగతేంటి? ఆమెకు కూర్చుని తరుక్కోవడమే అలవాటు. కత్తిపీట ముందు కూర్చుంటేనే ఆమెకు చెయ్యి ఆడుతుంది. గట్టు వచ్చిందని కత్తిపీట పారెయ్యనక్కర్లేదు. నేల మీద రెండున్నర అడుగుల చోటు ఆమె కోసం వదిలారు. ఇంట్లో ఇద్దరు వంట చేస్తే ఇద్దరికీ చోటు చూడాలి.

చిన్న వంటిల్లు అని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. జర్మనీ దేశంలో ఫ్రాంక్‌ఫర్ట్ అనే నగరం ఉంది. 1926లో అక్కడ పేద కార్మికులకు ఇళ్లు కడుతున్నారు. డబ్బు తక్కువ, స్థలం తక్కువ. వంటింటి నమూనా గీసే పని మార్గరెటె షుట్టె లిహోట్‌స్కీ అనే ఆమెకు అప్పగించారు. అప్పుడు ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు. ఆడవాళ్లు వంట చేసేటప్పుడు ఎన్ని అడుగులు వేస్తున్నారో, ఏ పనికి ఎంతసేపు పడుతోందో ఆమె లెక్క చూసింది. ఆరడుగుల వెడల్పు, పదకొండు అడుగుల పొడవున్న వంటిల్లు గీసింది. అందులో ఏ వస్తువైనా రెండు మూడు అడుగుల్లో అందుతుంది. అట్లాంటివి సుమారు 10,000 ఇళ్లలో కట్టారు. అప్పటిదాకా తనకు వంటే రాదని ఆమె తర్వాత చెప్పుకుంది! వంట రాని మనిషి కూడా వంట చేసేవాళ్లను చూసి, లెక్కపెట్టి నేర్చుకుంది.

ఆ లెక్క ఎవరైనా చెయ్యొచ్చు. ఒక పూట వంట చేసేటప్పుడు పిల్లవాణ్ణి గడపలో కూర్చోబెట్టాలి. అమ్మ ఎన్నిసార్లు నీళ్ల కోసం లేచింది? ఎన్నిసార్లు ఉప్పు డబ్బా కోసం వంగింది? గీతలు గీయమనాలి. ఎక్కువ గీతలు దేనికి పడితే దాన్ని చేతికి దగ్గరగా తెచ్చుకోవాలి. ఆ ఇంట్లో ఎక్కువ గీతలు నీళ్లకే పడ్డాయి. బిందె తలుపు బయట ఉండేది. గట్టు చివర ఇటుకల మీద చిన్న బండ వేసి బిందె లోపలికి తెచ్చారు. రూపాయి ఖర్చు కాలేదు.

వాడిన నీళ్లకు దారి

గిన్నెలు కడిగే చోటును కొన్ని ఊళ్లలో జాలాడి అంటారు. ఆ నీళ్లకు సరైన దారి లేకపోతే ఎంత మంచి వంటిల్లయినా నెల తిరిగేసరికి వాసన కొడుతుంది. గోడ తడి పీల్చి ఉబ్బుతుంది. పెచ్చులు ఊడుతుంది. బొద్దింకలు చేరతాయి.

నేలకు వాలు ఉండాలి. ఐదడుగులకు ఒక అంగుళం వాలు చాలు. రసమట్టం పెట్టి చూశాను అని మేస్త్రీ అంటాడు. అయినా సిమెంటు ఆరిన మర్నాడు ఒక చెంబు నీళ్లు కుమ్మరించి చూడాలి. నీళ్లు ఎక్కడా నిలవకుండా తూము దగ్గరికి పోవాలి. మేస్త్రీకి ఆఖరి కూలి ఇవ్వక ముందే ఈ పని చెయ్యాలి. ఇచ్చాక చెప్తే రేపొస్తానంటాడు.

తూముకు రెండంగుళాల పైపు వేయించాలి. పైపుకు వంపు ఉండాలి. వంపులో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లే బొద్దింకకూ వాసనకూ అడ్డం. తూము మీద చిల్లుల బిళ్ల ఉండాలి. అన్నం మెతుకులు, కరివేపాకు పైపులోకి పోకూడదు.

బయట నీళ్లు ఎక్కడికి పోవాలి? వీధిలోకి వదిలితే పక్కింటివాళ్లతో గొడవ. కాలువ ఉంటే కాలువలో కలపాలి. లేకపోతే ఇంకుడు గుంట తీయాలి. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు. అడుగున పెద్ద రాళ్లు, దాని మీద చిన్న రాళ్లు, ఆపైన కంకర, అన్నిటికీ పైన ఇసుక. ఇంటి గోడకు పది అడుగులైనా దూరం ఉండాలి. తాగే నీళ్ల బావికీ, బోరుకూ యాభై అడుగుల దూరం ఉండాలి. నల్లరేగడి నేలలో నీళ్లు త్వరగా ఇంకవు. అక్కడ గుంట కంటే అరటి మొక్కలు మేలు. రెండు అరటి పిలకలు, ఒక కరివేపాకు మొక్క పెట్టి నీళ్లు అటు మళ్లిస్తే సరిపోతుంది. సబ్బు నీళ్లు ఎక్కువైతే ఆకుకూరలకు పెట్టకూడదు.

వెలుతురు, గూళ్లు, సున్నం

ఆ ఇంట్లో కిటికీ ముందు నుంచీ ఉంది. డబ్బాలే దాన్ని మూసేశాయి. డబ్బాలకు వేరే చోటు చూపిస్తే వెలుతురు దానంతటదే వచ్చింది.

చోటు చూపించడానికి అలమరలు అక్కర్లేదు. చెక్క అలమరకు ఖర్చెక్కువ, చెదల భయం వేరే. గట్టుకు పైన గోడకు రెండు అడ్డబండలు వేయిస్తే చాలు. అడుగు వెడల్పు, ఐదడుగుల పొడవు. బేతంచర్ల వైపువాళ్లకు, తాండూరు వైపువాళ్లకు బండ దగ్గరలోనే దొరుకుతుంది. కడప నల్లబండ గట్టుకు గట్టిది. దూరం నుంచి తెప్పిస్తే బండ ఖరీదు కంటే బండి కిరాయి ఎక్కువవుతుంది. కాబట్టి దగ్గర దొరికేదే మంచి బండ. తలకు తగిలే ఎత్తులో అడ్డబండ వేయించకూడదు. రోజూ వాడేవి కంటికి ఎదురుగా, పండక్కి తీసే గంగాళాలు పై బండ మీద.

కిటికీ అసలే లేని ఇళ్లూ ఉన్నాయి. కొత్త కిటికీకి చట్రం, ఊచలు, రెక్కలు కావాలి. దానికి బదులు ఇటుకల జాలీ కట్టుకోవచ్చు. లారీ బేకర్ అనే ఆయన ఇంగ్లండులో పుట్టి, కేరళలో స్థిరపడి, 2007లో అక్కడే కన్నుమూశారు. తక్కువ ఖర్చు ఇళ్లు కట్టడంలో ఆయనది పెద్ద పేరు. ఇటుకకూ ఇటుకకూ మధ్య ఖాళీ వదిలి గోడ కట్టించేవారు. గాలి వస్తుంది, వెలుతురు వస్తుంది, దొంగ రాలేడు. ఇటుకలు కూడా తక్కువ పడతాయి. వాన కొట్టే దిక్కున మాత్రం పైన చిన్న చూరు ఉండాలి.

గోడలకు సున్నం. తెల్లటి గోడ ఉన్న వెలుతురును రెట్టింపు చేసినట్టు కనిపిస్తుంది. సున్నం బూజును కూడా ఆపుతుంది. ముందు మసి గోకాలి. మసి మీదే సున్నం కొడితే వారానికి పచ్చగా అవుతుంది. సున్నం రాళ్లను ముందురోజే నీళ్లలో వేసి ఉంచాలి. రాళ్లు నీళ్లలో కుతకుత ఉడుకుతాయి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. మర్నాడు గుడ్డలో వడకట్టి, కొంచెం గంజి గానీ జిగురు గానీ కలిపితే చేతికి అంటదు. పలచగా మూడుసార్లు కొట్టాలి. తల మీద గుడ్డ, కళ్లకు అద్దాలు ఉండాలి. సున్నం కంట్లో పడితే చూపుకే మోసం. వెంటనే ధారగా నీళ్లు పోస్తూ పదిహేను నిమిషాలు కడగాలి. తర్వాత ఆసుపత్రికి పోవాలి.

లెక్క

ఇక డబ్బు సంగతి. ధరలు ఊరికీ ఊరికీ మారతాయి. ఇది ఒక మాదిరి లెక్క. కాగితం, పెన్సిలు తీసుకుని ఎవరి ఊరి ధర వాళ్లు వేసుకోవాలి.

ఇటుకలు 100, ఒక్కోటి 9 రూపాయలు. మొత్తం 900.
సిమెంటు 3 బస్తాలు, బస్తా 380. మొత్తం 1,140.
ఇసుక ఒక ఆటో. 1,500.
గట్టుకూ అడ్డబండలకూ కలిపి 20 చదరపు అడుగుల బండ, అడుగు 60. మొత్తం 1,200.
చిన్న స్టీలు సింకు 1,000.
పైపు, వంపు, బిళ్ల 450.
ఇనుప జాలీ 200.
సున్నం, బ్రష్షు 300.
మేస్త్రీ రెండు రోజులు 2,000.
కూలి మనిషి రెండు రోజులు 1,400.

మొత్తం 10,090 రూపాయలు. 12,000లో 1,910 మిగిలాయి.

ఈ లెక్కలో తగ్గించుకునే చోట్లు ఉన్నాయి. కూలి మనిషి పని మొగుడే చేస్తే 1,400 మిగులుతాయి. కానీ ఆ రెండు రోజులూ యార్డుకు పోకపోతే అతని కూలి పోతుంది. అది ఎంతో చూసుకుని నిర్ణయించుకోవాలి. ఇంట్లోవాళ్ల కష్టానికి ధర లేదని అనుకుంటే లెక్క తప్పుతుంది. సున్నం మాత్రం ఇంట్లోవాళ్లే కొట్టుకోవచ్చు. పాత ఇళ్లు పడగొట్టే చోట సింకులు, కిటికీలు సగం ధరకు దొరుకుతాయి.

తగ్గించకూడని చోట్లూ ఉన్నాయి. ఇసుకలో మట్టి ఎక్కువుంటే సిమెంటు పట్టదు. గుప్పెడు ఇసుక గాజు గ్లాసు నీళ్లలో వేసి కలిపి గంటసేపు ఉంచాలి. ఇసుక మీద మట్టి మందంగా పేరుకుంటే ఆ ఇసుక వద్దనాలి. పైపు కూడా పలచటిది కొనకూడదు. గోడలోకి పోయిన పైపు పగిలితే గోడ పగలగొట్టాల్సి వస్తుంది.

కట్టుబడి అయ్యాక వారం రోజులు నీళ్లు కొట్టాలి. పూటపూటకూ తడపాలి. గట్టు మీద తడి గోనెపట్టా పరిస్తే ఇంకా మంచిది. తడి చాలని సిమెంటు పైకి గట్టిగా కనబడుతుంది, లోపల పొడి అవుతుంది. చాలా ఇళ్లలో గట్టు పగిలేది సిమెంటు తక్కువై కాదు, నీళ్లు తక్కువై. ఆ వారం వంట పెరట్లోనే.

ఆ ఇంట్లో మొదటి మూడు రోజులు ఆమె తడిపింది. నాలుగో రోజు నుంచి ఆమెకు నాట్లకు పోవాల్సి వచ్చింది. అత్త చెంబు పట్టుకుంది. వారం అయ్యాక స్టవ్వు గట్టు మీదికి ఎక్కింది. బండ కిందికి పోయింది.

మొగుడికి మాత్రం టైల్సు మీద మనసు పోలేదు. మిగిలిన 1,910 రూపాయల వైపు చూస్తున్నాడు.

"స్టవ్వు వెనకాల రెండు వరసలు వేయించుకుందామయ్యా. నూనె చిట్లేది అక్కడే. తుడుచుకోవడానికి నాకూ సులువు" అంది ఆమె.

అతను టౌనుకు పోయాడు. షాపులో పెట్టెలు తెరిచి మిగిలిపోయిన టైల్సు ఒక మూల పెడతారు. వాటి రంగులు కలవవు, అందుకని తక్కువకు ఇస్తారు. పది అడుగులకు సరిపడా ఏరుకొచ్చాడు. అంటించే సిమెంటుతో కలిపి 600 అయింది. సగం నీలం, సగం తెలుపు. మేస్త్రీ పూట పనికి డబ్బు తీసుకోలేదు, భోజనం చేసి పోయాడు. మిగతా గోడకు సున్నమే. మిగిలిన 1,310 రూపాయలను ఆమె సంఘంలో మొదటి కిస్తు కింద కట్టింది.